జాబితాలో తొమ్మిదో పేరు

నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, సొంతూరి పేరు బయటపెట్టొద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 34 ఏళ్లు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు. జాతీయోద్యమ చరిత్రను పాత ప్రభుత్వ దస్త్రాల్లోంచి వెలికితీసి రాసేవాళ్లకు ఒక ట్రస్టు ఇచ్చే ఫెలోషిప్ ఆమెకు వచ్చింది. నెలకు 30,000 చొప్పున ఏడాదికి 3,60,000. ఒప్పందం మీద సంతకం కాగానే 40 శాతం, మధ్యంతర నివేదికను ఆమోదించాక 40, రాతప్రతి అందాక మిగిలిన 20. కాలేజీకి జీతం లేని సెలవు పెట్టారు. అంశం: 1930 ఉప్పు సత్యాగ్రహానికి మైపాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కదిలిన మామూలు జనం. ఆమె సొంతూరు కూడా ఆ పక్కదే.

ఐదో నెలలో చెన్నై ఎగ్మోర్‌లో, తమిళనాడు ఆర్కైవ్స్‌లో, ఒక ఫైలు విప్పారు. జైలు నుంచి విడుదలైన సత్యాగ్రహుల జాబితా, టైపు కొట్టింది, 23 పేర్లు. తొమ్మిదో పేరు ఆమె ముత్తాతది. ఊరు అదే, వయసు 26, శిక్ష తొమ్మిది నెలలు. రిమార్కుల గడిలో ‘అండర్‌టేకింగ్ ఇచ్చినందున విడుదల’ అని ఉంది, అంటే ఇకముందు ఉద్యమంలో పాల్గొననని హామీ రాసిచ్చినందుకు. మూడు నెలలకే బయటికొచ్చాడు. అలాంటి రిమార్కు ఆ జాబితాలో మొత్తం ఏడుగురికి ఉంది.

ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకునే కథ వేరు. తొమ్మిది నెలలూ కంకర కొట్టాడనీ, తల వంచలేదనీ. 1972లో వచ్చిన తామ్రపత్రం పెదనాయన ఇంట్లో గోడకుంది. సమరయోధుల పింఛను ముత్తాత 1979లో పోయేదాకా, ఆ తర్వాత ముత్తవ్వ ఉన్నన్నాళ్లూ వచ్చింది. ఇప్పుడెవరూ తీసుకోవడం లేదు. వచ్చే జనవరి 26కి బడి ముందు విగ్రహం పెట్టాలని ఊళ్లో చందాలు వసూలవుతున్నాయి. కమిటీకి పెద్ద పెదనాయనే. ఫైలు సంగతి ఆయనకింకా తెలీదు. తెలిసిన తమ్ముడు మాత్రం, “అది దొరకలేదనుకో అక్కా, ఎవరడగబోతారు?” అన్నాడట.

మధ్యంతర నివేదికకు ఆరు వారాల గడువుంది. రాస్తే ఇంట్లో గొడవ, దాస్తే మనసొప్పదు, ఫెలోషిప్ వదిలేస్తే ఒప్పందం ప్రకారం తీసుకున్న 1,44,000 తిరిగి కట్టాలి. ఏం చెయ్యమంటారని ప్రశ్న.

*

మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకే ముడిగా పడ్డాయి. ఆ కాగితం నిజంగా ఏం చెబుతోంది, దాన్ని పుస్తకంలో ఏం చెయ్యాలి, ఇంట్లో ఎలా చెప్పాలి. మీరు మూడోదానితో మొదలుపెట్టి నిద్ర పాడుచేసుకుంటున్నారు. మొదటిదే ఇంకా తేలలేదు.

మీరు చూసింది అండర్‌టేకింగ్ కాదు. అండర్‌టేకింగ్ ఇచ్చారని ఒక గుమాస్తా టైపు కొట్టిన గడి. సంతకమో వేలిముద్రో ఉన్న అసలు కాగితం జైలు సూపరింటెండెంటు దగ్గర ఉండాలి. అక్కడ నుంచి పైకి వెళ్లిన సమాచారాన్ని ఎవరో వరసలో పెట్టి జాబితా చేశారు. అలా ఎత్తి రాసేటప్పుడు గడి కింద గడి దిగడం, పై వరసకు వేసిన ‘డిటో’ గుర్తు కింది వరసకూ జారడం మామూలే. మీ ఏడుగురిలో ఎంతమందికి రిమార్కు పూర్తి మాటల్లో ఉంది, ఎంతమందికి డిటో గుర్తులున్నాయి? మీ ఉత్తరంలో ఆ వివరం లేదు. ఫైలు మళ్లీ తెప్పించుకున్నప్పుడు మొదట చూడాల్సింది అదే.

రెండోది, ఆ మనిషి మీ ముత్తాతేనా? పేరు, ఊరు, వయసు కలిశాయి నిజమే. కానీ మన ఊళ్లలో తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ వల్ల అన్నదమ్ముల పిల్లలు ముగ్గురు ఒకే పేరుతో, ఒకే ఇంటిపేరుతో తిరుగుతుంటారు. జైలు కాగితాల్లో వయసు చూపుకి వేసిన అంచనా. తేల్చేది తండ్రి పేరు. అది విడుదల జాబితాలో ఉండకపోవచ్చు, శిక్ష పడ్డప్పటి కాగితాల్లో ఉంటుంది. మీ దాయాదుల వంశవృక్షం ఒకటి గీసి, 1930 నాటికి 20 నుంచి 35 ఏళ్ల మధ్య ఆ పేరున్న వాళ్లెందరో లెక్క చూడండి. ఒక్కరే తేలితే మంచిది. ఇద్దరు తేలితే మీ సమస్య స్వరూపమే మారిపోతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తోంది. మీ ముత్తాతకు వచ్చిన పింఛనుకూ ఈ జాబితాకీ లెక్క కుదరడం లేదు. 1972లో మొదలైన కేంద్ర పింఛనుకు కనీసం ఆరు నెలల జైలు ఉండాలి. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు మూడు నెలలు చాలన్న సడలింపు 1980లో గానీ రాలేదు. మీ ముత్తాత మూడు నెలలకే వచ్చేసి ఉంటే పింఛను దేని మీద ఇచ్చారు? సహఖైదీలు ఇచ్చిన ధ్రువపత్రం మీద ఇచ్చి ఉండొచ్చు, అప్పట్లో అది చెల్లేది. లేదా ఆయన మళ్లీ జైలుకెళ్లి ఉండొచ్చు. 1932లో శాసనోల్లంఘన రెండో విడత, 1940–41లో వ్యక్తి సత్యాగ్రహం, 1942లో క్విట్ ఇండియా. 1930లో హామీ రాసిచ్చి వచ్చిన మనిషి 1932లోనో 1941లోనో తిరిగి వెళ్లాడంటే, అది ఇంట్లో చెప్పుకునే కథ కన్నా పెద్ద కథ. మూడు తరాలు చెప్పుకునేసరికి రెండు జైళ్లు ఒకటై, ‘తొమ్మిది నెలలు’ అన్న మాట శిక్ష కాగితం నుంచి అనుభవంలోకి జారి ఉండొచ్చు. లేదా ఏ రెండో జైలూ లేకపోనూవచ్చు. ఆరు వారాల్లో ఇది చాలావరకు తేలుతుంది.

తేల్చే దారి చెబుతాను.

పింఛను మంజూరు ఉత్తర్వు ఇంట్లో ఉందేమో ముందు వెతికించండి. తామ్రపత్రాన్ని అద్దం కట్టించినవాళ్లు ఆ ఉత్తర్వును ట్రంకుపెట్టెలో పడేసి ఉంటారు. దాని మీది నంబరుంటే కలెక్టరేట్లో సమరయోధుల పింఛన్లు చూసే సెక్షన్‌లో పాత దరఖాస్తు అడగొచ్చు. ఏ జైల్లో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నదీ దరఖాస్తుదారు స్వయంగా రాసిచ్చింది అందులో ఉంటుంది. నోటిమాటగా అడిగితే ‘పాతవి లేవమ్మా’ అంటారు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి, మీరు వారసులని చూపే కాగితం జతచేసి రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఫైలు ధ్వంసం చేసి ఉంటే ఆ మాటైనా రాసివ్వాలి. రాజమండ్రి, వెల్లూరు, కడలూరు, బళ్లారి దగ్గరి అలీపురం, వీటిలో ఏ జైలో జాబితాలో ఉంటే దాని అధికారులకూ ఇలాగే విడిగా పెట్టండి. ఆరు వారాల గడువులో 30 రోజులు ఇక్కడే పోతాయి కాబట్టి ఈ దరఖాస్తులు ఈ వారమే పోస్టులో పడాలి.

ఇక ఎగ్మోర్. పదకొండు రోజుల్లో నాలుగు ఫైళ్లే చూడగలిగానని రాశారు. అంత తక్కువ రావడానికి కారణం మీరు ఊరి పేరుతో, మనిషి పేరుతో వెతకడం. ఆనాటి సచివాలయ ఇండెక్సులు అలా కట్టలేదు. ఏడాదివారీగా, శాఖలవారీగా అచ్చేసిన ఇండెక్సులో ‘ప్రిజనర్స్’, ‘సివిల్ డిసొబీడియన్స్’, ‘సాల్ట్’ అన్న తలకట్ల కింద చూడాలి. జైళ్ల సంగతులకు లా (జనరల్) శాఖ, రాజకీయ సంగతులకు పబ్లిక్ శాఖ. ఒకే విషయం మీద రెండు శాఖల్లో రెండు జీవోలు ఉండొచ్చు. ఒకటి లేదన్నా రెండోది దొరకొచ్చు. ఊరి పేరు స్పెల్లింగు ఆ కాలపు అధికారి చెవిని బట్టి మారుతుంది. ఇందుకూరుపేట, మైపాడు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఒక కాగితం మీద వేసుకుని పట్టుకెళ్లండి.

మీకు దొరికిన జీవో తల మీద ‘రీడ్’ అని ఒక వరస ఉంటుంది, ఈనాటి జీవోల్లోనూ వేస్తారే, అదే. దానికి ముందు నడిచిన ఉత్తరాల నంబర్లు, తేదీలు అక్కడుంటాయి. చాలామంది దాన్ని దాటేసి విషయంలోకి వెళ్లిపోతారు. ఆ వరస పట్టుకుని వెనక్కి నడిస్తే జిల్లా కలెక్టరు ఉత్తరం దాకా వెళ్లొచ్చు. ‘దొరకలేదు’ అని స్లిప్పు తిరిగొస్తే ఊరికే బాధపడకుండా నంబరు ముందున్న అక్షరాలు చూడండి. ఆర్.డిస్ అయితే శాశ్వతంగా ఉంచాల్సిన కాగితం, కాబట్టి మళ్లీ అడగొచ్చు. డి.డిస్ అయితే పదేళ్లకు, ఎల్.డిస్ అయితే ఏడాదికి తగలబెట్టే రకం. దాని కోసం ఇంకో రైలు టికెట్టు దండగ.

మీలా ప్రతి వారం మూడు రోజులు వెళ్లడం కన్నా రెండు వారాలకోసారి ఐదు రోజులు ఉండడం మేలు. తెల్లవారి రైలెక్కితే రెండున్నర మూడు గంటల్లో సెంట్రల్, అక్కడి నుంచి ఎగ్మోర్‌కు మెట్రోలో ఒక్క స్టేషను. దూరం పెద్ద చిక్కు కాదు. మొదటి రోజంతా ఇండెక్సులకే పోతుంది, ఆర్డరు పెట్టిన ఫైళ్లు మర్నాడు, మూడోనాడు చేతికొస్తాయి. సరిగ్గా అప్పుడే మీరు తిరుగు రైలెక్కుతున్నారు. మధ్య వారాల్లో ఇంట్లో కూర్చుని నేషనల్ ఆర్కైవ్స్ వారి వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో హోమ్ పొలిటికల్ ఫైళ్లు చూడండి. మద్రాసు ప్రభుత్వం ఢిల్లీకి పంపిన పక్షం రోజుల నివేదికలు అక్కడున్నాయి. మనుషుల పేర్లు పెద్దగా దొరకవు, కానీ విడుదలల గురించి ఆ పక్షంలో సర్కారు ఏమనుకుంటోందో తెలుస్తుంది. జైళ్లు నిండిపోతున్నాయని గొణుగుతున్న పక్షంలోనే హామీలు రాయించుకుని పంపేశారా? అలాగైతే, మీ ముత్తాత ‘లొంగిపోయాడు’ అన్న మాటకు రెండో వైపు ఒకటుంటుంది. కాగితం పెట్టి సంతకం చెయ్యమన్న చెయ్యి.

ఆ సందర్భంలోనే ఒక మాట. అండర్‌టేకింగ్ వేరు, అపాలజీ వేరు. ఇకముందు ఈ ఉద్యమంలో పాల్గొనను అనడం మొదటిది, చేసింది తప్పు అనడం రెండోది. తెలుగులోకి వచ్చేసరికి రెండూ ‘క్షమాపణ’ అయిపోతాయి. మీ ఉత్తరంలోనే మూడుసార్లు ‘క్షమాపణ పత్రం’ అని రాశారు. ఫైల్లో ఆ మాట లేదు కదా. పుస్తకంలో ‘హామీపత్రం’ అనే రాయండి. జరిమానా కట్టి విడుదల కావడం ఇంకొకటి. కొడుకు జైల్లో ఉండగా తండ్రి గొడ్డూగోదా అమ్మి అతనికి చెప్పకుండా కట్టేయొచ్చు. ఇవన్నీ ఒకే బుట్టలో వేసేవాళ్ల మాట నమ్మకండి.

ఆంధ్రపత్రిక 1930 సంచికలు చూడకుండా నివేదిక పంపొద్దు. అరెస్టులు, శిక్షలు, విడుదలలు పేర్లతో సహా వేసేవాళ్లు. అవి చూడటానికి వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలు బాగా దాచినచోటు. ముందు ఫోన్ చేసి మీక్కావలసిన నెలల సంపుటాలు ఉన్నాయో లేదో కనుక్కుని వెళ్లండి. హామీ ఇచ్చి వచ్చిన వాళ్ల పేర్లు ఉద్యమ పత్రిక వెయ్యకపోవచ్చు. వెయ్యకపోవడమూ మీకు పనికొచ్చే విషయమే.

ఇప్పుడు రెండో చిక్కు, పుస్తకం. అన్నీ చూశాక ఆయనే, హామీ ఇచ్చే వచ్చాడు అని తేలిందనుకుందాం. మీ ముందు నాలుగు దారులుంటాయి.

పేరుతో రాయొచ్చు, ముందుమాటలో ‘ఈయన మా ముత్తాత’ అని చెప్పి. ఇంట్లో కొంతకాలం మాటలుండవు. కానీ ఆ ఏడుగురి గురించి రాయడానికి మీకున్న అర్హత మరొకరికి ఉండదు. మిగతా ఆరుగురి మనవలు కూడా ఆ ఊళ్లలోనే ఉన్నారన్నది మరవకండి. మీ ముత్తాత పేరు దాచి వాళ్ల తాతల పేర్లు అచ్చేస్తే అది చరిత్ర అనిపించుకోదు, పక్షపాతం.

ఏడుగురి పేర్లూ తీసేసి సంఖ్య మాత్రం ఇవ్వొచ్చు. 23 మందిలో ఏడుగురు హామీ మీద వచ్చారు, వాళ్ల వయసులివి, కులవృత్తులివి, శిక్షలివి అని. మీ అంశం జనం గురించి కాబట్టి ఇది నిజాయితీ గల పద్ధతే. ఫైలు నంబరు మాత్రం ఇచ్చి తీరాలి, ఇస్తే కావలసినవాళ్లు వెళ్లి చూస్తారు. అంటే ఇది గుట్టు కాదు, మర్యాద. మీ పెదనాయనకు పుస్తకం ద్వారా తెలియకపోయినా ఎవరో ఒకరి ద్వారా తెలుస్తుంది.

ఆ జాబితానే వదిలేసి మిగతా ఫైళ్లతో రాయడం మూడోది. మీ తమ్ముడు చెప్పింది దాదాపు ఇదే. సాధ్యమే, కానీ విడుదలల అధ్యాయం కుంటుపడుతుంది. పైగా ఎవరడగబోతారంటే, ఫైలు తెప్పించిన స్లిప్పు మీద మీ పేరుంది. రేపు ఇంకో పరిశోధకుడు అదే ఫైలు తీస్తే మీరు చూసి దాచారన్న మాట పడుతుంది. 22 మంది అని రాయడం మాత్రం ఏ దారిలోనూ లేదు.

నాలుగోది ఫెలోషిప్ వదిలెయ్యడం. డబ్బు లెక్క మీరే వేశారు: 1,44,000 తిరిగి కట్టాలి, కాలేజీ వాళ్లు ఏడాది మధ్యలో చేర్చుకోబోమన్నారు. దీని బదులు ఇంకోటి వస్తుందిలే అనుకోకండి. కేంద్ర సంస్కృతి శాఖ జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకుంది, కానీ అది నెలకు 10,000. ఇంకో అంశానికి మారాలనిపిస్తే దానికి రాజీనామా అక్కర్లేదు. పరిధి సవరించమని ట్రస్టుకు ఉత్తరం రాస్తే చాలు, మధ్యంతర నివేదిక సమయం అందుకు సరైనదే.

నేనైతే మొదటి రెండిటి మధ్య తేల్చుకోమంటాను. ఈ ఆరు వారాల్లో తేల్చుకోనక్కర్లేదు. మధ్యంతర నివేదికంటే తీర్పు కాదు. అందులో ఇంతవరకు రాస్తే సరిపోతుంది: “విడుదల జాబితా ఒకటి దొరికింది. 23 మందిలో ఏడుగురు హామీ మీద విడుదలైనట్టు ఉంది. వారిలో ఒకరు నా బంధువు కావొచ్చు, గుర్తింపు తేలాలి. జైలు, కలెక్టరేట్ కాగితాలకు దరఖాస్తు చేశాను.” బంధుత్వం ముందే చెప్పడం మీకు రక్ష. తర్వాత ఎవరో బయటపెడితే అదే మచ్చ అవుతుంది. మీ ఫెలోషిప్ మెంటరుకు ఈ పేరా విడిగా పంపి, చదివాక ఫోన్లో మాట్లాడండి. రెండో విడత 1,44,000 దీని మీద ఆగిపోతుందన్న భయం వద్దు. చిక్కు దొరికిన నివేదికకే పరిశీలకులు ఎక్కువ విలువిస్తారు.

ఇక ఇల్లు. మీ పెదనాయనకు చెప్పడం ఎలా అని అడిగారు. ముందు చెప్పకండి, ముందు వినండి. ఇది మొహమాటం వల్ల అనడం లేదు, పని పద్ధతే అది. ఫైలు సంగతి వింటే ఆ క్షణం నుంచి ఆయన జ్ఞాపకం వాదనగా మారిపోతుంది. తర్వాత ఏది చెప్పినా దానికి సమాధానంగానే చెబుతారు. ముత్తాత కూతురు, 88 ఏళ్ల ఆవిడ, కావలిలో ఉన్నారని ఉత్తరం చివర్లో ఒక్క వాక్యం రాశారు. అందరికన్నా ముందు ఆవిడ దగ్గరకు వెళ్లండి. 1930కి ఆవిడ పుట్టలేదు, 1941–42 నాటికి ఊహ తెలుస్తున్న పిల్ల. నాన్న ఇంట్లో లేని రోజులు ఆవిడకు గుర్తున్నాయంటే అది రెండో జైలు. అడిగి, ఒప్పించి, ఫోన్లో రికార్డు చెయ్యండి. రోజూ అరగంట చాలు, రెండు మూడు రోజులు వెళ్లండి. తేదీలు అడగొద్దు, ఆ వయసులో రావు. తమ్ముడు పుట్టక ముందా తర్వాతా, ఆ ఏడు పెన్నకు వరదొచ్చిందా అని అడగండి.

ఆ తర్వాత పెదనాయన కథ రికార్డు చెయ్యండి. అది కూడా అయ్యాకే కాగితం నకలు చూపించండి, మీ అభిప్రాయం కలపకుండా. పది మంది మధ్య వద్దు, కమిటీ వాళ్లున్నప్పుడు అసలే వద్దు. ఆయన కోప్పడితే పడనివ్వండి. తెల్లోడి కాగితం అంటారు. అందులో కొంత నిజముంది కూడా, ఆ మాటా పుస్తకంలో రాయొచ్చు. విగ్రహం ఆపమని మీరు అనొద్దు, పెట్టమనీ అనొద్దు. శిలాఫలకం మీద ‘తొమ్మిది నెలల కఠిన శిక్ష అనుభవించిన’ అని చెక్కే ముందు ఒక్క నెల ఆగమని మాత్రం అడగండి. శిక్ష తొమ్మిది నెలలు పడ్డమాట కాగితంలోనే ఉంది. ‘అనుభవించిన’ అన్న మాట దగ్గరే పేచీ. ‘ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన’ అంటే ఎవరి లెక్కలోనూ అబద్ధం కాదు.

‘ఆయన రాసిచ్చాడా లేదా’ అని ఇద్దర్నీ అడక్కండి. 1930లో మీ చేలో ఎడగారు (వేసవిలో వేసే) పైరు ఎవరు చూసుకున్నారో అడగండి. 26 ఏళ్లవాడు జైల్లో ఉంటే నీళ్లు ఎవరు కట్టారు, కోతకు ఎవరున్నారు, శిస్తు ఎవరు కట్టారు. ఇంట్లో ఎవరికైనా మునసబీయో కరణీకమో ఉండి, ఈయన జైలుకెళ్లడం వల్ల ఆ ఉద్యోగానికి ముప్పొచ్చిందా. ఆయన కోతకు ఇంట్లోనే ఉన్నాడని, అమ్మ చెప్పగా విన్న మాటగా, ఆ పెద్దావిడ నోట మామూలుగా దొర్లిందంటే, మీ ఫైల్లో లేనిది మీకు దొరికినట్టే.